తలకిందుల గడియారం

మా అమ్మమ్మ పేరు పిల్నామ్.
ఈసారైనా మగపిల్లాడే, అని దానికి అర్థం.
నాలుగో ఆడపిల్లకి పేరు పెడుతూ
వాళ్ళ నాన్న ఆ తర్వాతివాడితో మాట్లాడాడు.
తర్వాతివాడు నిజంగానే వచ్చాడు.
వాడి చదువుకి డబ్బు కావలసి
పిల్నామ్ కొరియాలో విమానం ఎక్కింది.

బోఖుమ్‌లో దిగిన రోజు మంచు లేదు, బొగ్గు మసి ఉంది.
తెల్లగా ఆరేసిన దుప్పట్లు
సాయంత్రానికి బూడిదరంగు.
సూదిమందు వెయ్యడం నేర్చుకొచ్చిన చేతులకి
ముందు తుడుపుకర్ర ఇచ్చారు,
తర్వాత శవాలకి స్నానం.
పట్టుబడిన మొదటి జర్మన్ మాట, నొప్పి.
రెండోది, ఎక్కడ?
ఆ రెంటితోనే ఏడాది నెట్టుకొచ్చానే, అనేది.
కాపురాలు ఇంతకన్నా తక్కువ మాటలతో నడుస్తాయి, అని నవ్వేది.

తాతయ్య ఎగోన్, గనిలో మెడ ఎముక విరిగి
ఆరో వార్డులో పడుకున్నాడు.
నొప్పి? ఎక్కడ? అని అడిగితే
రోజుకో కొత్త చోటు చూపించాడట.

ఆవిడ హస్తవాసి మంచిదని గనివాళ్ళు చెప్పుకునేవాళ్ళు.
హస్తవాసీ లేదు ఏమీ లేదు,
ఎవర్నైనా ముట్టుకునే ముందు
చేతులు వేణ్ణీళ్ళలో పెట్టుకునేది, అంతే.

రొమ్ము మీద పిన్నుకి వేలాడే గడియారం
చూసేవాళ్ళకి తలకిందులు, ఆవిడకి సరి.
ఒళ్ళో ఎదురుగా కూర్చుని
టైము చూడటం దాన్లోనే నేర్చుకున్నాను.
బళ్ళో ఆరు గంటలు చూపిస్తే
పన్నెండున్నర అన్నాను.

మెత్తని మనిషేం కాదు.
సైకిల్ మీంచి పడి వస్తే
పదిహేను లెక్కపెట్టేదాకా ఏడవనిచ్చేది,
ఆ తర్వాత అయోడిన్.
మా అమ్మ జ్వరాలన్నీ పక్కింట్లో పడింది,
రాత్రి డ్యూటీల వల్ల.
ఆ మాట మా అమ్మ ఇప్పటికీ
గిన్నెలు తోముతూనే అంటుంది.

నేలమాళిగలో కిమ్చీ జాడీ ఉండేది.
పై వాటా నోవాక్ మామ్మ ఇంటాయనకి ఉత్తరం రాసింది,
కింద ఏదో చచ్చిన వాసన, అని.
అమ్మమ్మ మెట్లెక్కి వెళ్ళి చెప్పింది:
"చచ్చిన వాసన నాకు తెలుసు. ఇది అది కాదు."
చాన్నాళ్ళకి మామ్మ తుంటి విరిగితే
నలభై రోజులు కట్టు మార్చింది.
నలభై ఒకటో రోజు కిందికి ఒక ఖాళీ సీసా వచ్చింది,
మూత కూడా కడిగి.

మధ్యలో ఒక ఏడు
గడువు అయిపోయింది, వెళ్ళండి, అని కాగితం వచ్చింది.
ఆస్పత్రి గేటు దగ్గర బల్ల వేసుకుని
సంతకాలకి నిలబడింది పిల్నామ్.
"కావాలంటే తెప్పించుకోడానికి, వద్దంటే తిప్పి పంపడానికి
మేం సరుకులమా?"
మొదటి సంతకం, కుడిచేతికి పిండికట్టున్న ఒకాయన
ఎడంచేత్తో పెట్టాడు.
అది ఎవరూ చదవలేరు.
మేమంతా దాని కిందే పుట్టాం.

చివర్లో అదే ఆస్పత్రి, మూడో అంతస్తు.
జర్మన్ ముందు వెళ్ళిపోయింది.
మిగిలింది ఆవిడ చిన్ననాటి భాష,
ఆవిడ మాకు నేర్పనిది.
ట్యునీషియా నుంచి కొత్తగా వచ్చిన నర్సు వసీలా
మంచం మీదికి వంగి అడిగింది,
నొప్పి? ఎక్కడ?

అమ్మమ్మ కళ్ళు తెరిచి
ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.
రెండో చెయ్యి రొమ్ము మీద
లేని గడియారం కోసం వెతికింది.
పెదాలు లెక్కపెడుతున్నాయి.
నిమిషం పాటు గదిలో ఎవరం కదల్లేదు.
అప్పుడు చెయ్యి వదిలి ఏదో అంది.
ఆ ఒక్క మాట మాత్రం మాకందరికీ తెలుసు,
తలుపు తీసిన ప్రతిసారీ విన్నదే:
అన్నం తిన్నావా?

గడియారం నా దగ్గరుంది.
కీ ఇవ్వడం మర్చిపోతుంటాను.
గోడకి తలకిందులుగానే తగిలించాను,
వచ్చినవాళ్ళు సరిచెయ్యబోతారు.

అంత్యక్రియల రోజు వసీలా
రాత్రి డ్యూటీ దిగి, తెల్లబూట్లతోనే వచ్చింది.
గోడవార కుర్చీలో కూర్చుని
పళ్ళెం ఖాళీ చేసింది.
ఎవరూ అడక్కుండానే లేచి
మళ్ళీ వడ్డించుకుంది.