ట

తుఫాను కూల్చిన పనస
నాలుగేళ్లు సాలలో పలకలై పడుంది.
తవిటయ్య చిత్రిక పట్టి ఇచ్చాడు, కూలి పుచ్చుకోలేదు.
"ఆ చెట్టు తొనలు తినని ఇల్లేది కవిటిలో?"
ఉలి మాత్రం వారానికే అరువు.

లోపలంతా పసుపు.
ఎండ తగిలేకొద్దీ తేనె రంగుకి,
ఏడాది తిరిగేసరికి మరిగిన టీ రంగుకి దిగుతుందట.
గోటితో గీరితే ఇప్పటికీ పండు వాసన.

పెన్సిలుతో రాసుకున్నాను, కూర్మమ్మ తోట అని.
గేటు పక్కన గుంజకి కొట్టాలని.
కొరియర్ కుర్రాడు మా పార్సిళ్లు
లోలుగు వాళ్ల జీడితోటలో విసిరిపోతున్నాడు మరి.

పిన్ని తలగుడ్డ విప్పుకుంటూ వచ్చి చూసింది.
చదువు రాదు. పెన్సిలు గీతల మీద వేలు తిప్పింది.
"నా పేరేటికే? నానెవులో ఊరికి తెల్దేటి?
దాహమేసినోడికి నీల్లెటున్నాయో రాయి."

నేను మాట్లాడలేదు.
మా నూతికి రేకు మూత, మూత మీద రాయి.
చిన్నాన్న వారానికి మూడుసార్లు పలాస బస్సెక్కి
కుర్చీలో చెయ్యి చాపి కూర్చుని వచ్చేవాడు, రెండేళ్లు.
ఆ నీళ్ల వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేదు.
కాదనీ చెప్పలేదు.

కూ దగ్గర రెండు రోజులు.
దీర్ఘం తీస్తుంటే తాబేలు మెడ చాపినట్టుంది.
ర కింద మ వత్తు. మ కింద ఇంకో మ,
తల్లి ఒళ్లో పిల్ల కూర్చున్నట్టు.
ఉలి జారి బొటనవేలు తెగింది,
రక్తం చుక్క ర్మ లోకి ఇంకిపోయింది, అలాగే ఉంచాను.

తో అయ్యేసరికి
పలక అయిపోయింది.

లెక్కల టీచర్ని.
పిల్లల స్కేళ్లు లాక్కుని మరీ సరిచేసేదాన్ని.
మూడంగుళాలు తప్పాను.

పలక మీద మిగిలింది
కూర్మమ్మతో

తవిటయ్య నవ్వలేదు, గెడ్డం గోక్కున్నాడు.
చదివి వినిపిస్తే పిన్నే పడీ పడీ నవ్వింది,
"నాతో ఏటట?"

ఏమని చెప్పను.
నీతో చిన్నాన్న, ఆఖరి బస్సు వరకు.
నీతో ఆ రాత్రి, పైరేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే
మంచం అడుగున మేం ఆరుగురం, ఒక మేక.
తెల్లారి గుమ్మం ముందు పడున్న చెట్టుని
నువ్వు కాలితో తట్టి చూశావు,
నిద్రపోతున్న మనిషిని లేపినట్టు.

మిగిలిన పెచ్చు మీద విడిగా చెక్కాను
ట.
ఒంటరిగా ఎంత చిన్న అక్షరమో.
కళ్లారా చూడనివాళ్లు మాట చివర తగిలించుకునేది.
నాటిందట. పెంచిందట.
ఉండేదట అని ఎప్పుడో ఎవరో అంటారు.
ఆ ముక్క పిన్నికి చెప్పలేదు.

పెచ్చుకి ఒక కొస బాణంలా కోశాను.
పెద్ద పలక కింద రెండు ఇత్తడి కొక్కేలకి వేలాడదీస్తే
గేటులోపలి కుండ వైపు చూపిస్తుంది.
ప్లాంటు నుంచి తెచ్చిన టిన్ను నీళ్లు
పొద్దున్నే పిన్ని వంపి పెట్టే కుండ,
గొలుసు లేని స్టీలు గ్లాసు.

చెద పట్టకుండా జీడినూనె రాస్తే మణికట్టు పొంగింది.
కొబ్బరినూనె పులుముతూ తిట్టింది,
"పలక్కి రాయమంటే ఒంటికి రాసుకున్నావేటే గుంటా!"

కొరియర్ కుర్రాడు నిన్న గేటు ముందే నిలబడి ఫోన్ చేశాడు,
"కూర్మమ్మ తోట ఎక్కడండీ?"

గాలి లేనప్పుడు తోట.
సముద్రం వైపు నుంచి గాలి వీచిందా
ట ఊగి ఊగి గుంజకి కొట్టుకుంటుంది.
దారినపోయేవాళ్లకి ఆ పూట
కూర్మమ్మతో వరకే.
గ్లాసు కుండకి తగిలిన చప్పుడు,
లోపల్నుంచి పిన్ని గొంతు,
"ఎవులది?"