నీటిగీతకు దిగువన

కిన్చావో దీవిలో వాన కురవని రోజుల్ని
వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం.
ఆ రోజుల్లోనే ఒతీలియా బర్రియా
పడవలకు పేర్లు రాసేది.

నాకు పదకొండేళ్ళు.
అవిసెనూనెలో ఎర్రమన్ను నూరడం నా పని.
"ఇంకా నూరు. నాలుక మీద గరగరలాడకూడదు"
అనేది, నిజంగానే చిటికెన వేలితో రుచి చూసి.

పేరు రాస్తే అర బస్తా బంగాళాదుంపలు,
లేదా ఎండిన ఆల్చిప్పల దండ.
పద్యం ఎవరూ అడగలేదు,
ఆవిడా చెప్పలేదు.
పేరు ఆరేలోపు
పడవ పొట్ట కిందికి వెల్లకిలా దూరి
మేకుతో ఏదో గీకేది.
దాని మీద తారు,
తారు మీద రెండు పూతలు ఆకుపచ్చ.
"కప్పేస్తే ఎవరు చదువుతారు?"
"నీళ్ళకి చదువు రాదనుకున్నావా?
ఆ కుంచె ఇటివ్వు."

బొమ్మలూ వేసింది,
పిండిబస్తాల గుడ్డ మీద, కోళ్ళగూటి తలుపు మీద.
అన్నిట్లోనూ సముద్రం ఒక పక్కకి ఒరిగే ఉంటుంది.
ఆమెకి ఎడమకన్ను మసక, అంది మా అమ్మ.
దీవే ఒరిగింది, మీరు అలవాటుపడ్డారు, అంది ఆమె.

పోయాక, రాజధాని నుంచి
గొడుగేసుకుని ఒకాయన వచ్చాడు.
మా దీవిలో గొడుగెవరికీ లేదు, గాలి ఉంచదు.
కవితల పుస్తకమేదీ అన్నాడు.
ఒక్క నోటుబుక్కు దొరికింది:
'దొనాతోకి నీలం సగం డబ్బా బాకీ.'
'పసుపు చాలదు.'
'పసుపు చాలదు.'
చివరిదాకా తిప్పి, మర్యాదగా మూసి,
మా ఇంట్లో చేపల పులుసు తాగి వెళ్ళిపోయాడు.
నేను నోరు విప్పలేదు.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు పడవలు గీకే పని నాది.
ఆటుకి ఇసుక మీద ఒరిగిన పడవ:
నాచు, గుల్లలు, ఆకుపచ్చ, తారు,
ఆ కింద, చెక్క కణుపుని తప్పించుకుంటూ
ఆమె వంకర అక్షరాలు:

నన్ను తేల్చేది చెక్క కాదు,
చెట్టుగా ఉన్నప్పుడు తాగిన వాన.
సముద్రమా, వరసకి నేను నీకు

తర్వాతి మాటని పురుగు తినేసింది.

ఒక ఏడాది అక్కడ 'కోడల్ని' అని చదువుకున్నాను.
వలలు ఖాళీగా వచ్చిన ఏడు, 'బాకీదార్ని'.
అమ్మ పోయిన ఏడు
చదవకుండానే తారు పూసేశాను.

పోటు తిరిగింది.
ఇంకా మూడు బల్లలు గీకాలి.
చీలమండల దాకా వచ్చేసింది చలి,
కిందినుంచి ఒక్కో వరసా
తడుముతూ.