మోచెయ్యి ఎంత పైకి

కాట్రేనికోన హైస్కూలు గ్రౌండుకి
మూడు వైపులా గోడ లేదు.
నాలుగో వైపు బోదె.
గట్టిగా తగిలిన బంతి ప్రతిదీ అందులోనే పడుతుంది,
రెండెండలు ఆరబెట్టినా దాని బరువు తగ్గదు.
మొన్నటి నవంబరు దాకా
మా బంతులన్నీ తడిసే ఉండేవి,
నేలపూడి దీవెన వల్ల.

ఇప్పుడు పొడిగా ఉన్నాయి.

జోనల్ పోటీల్లో పదకొండుసార్లు నిలబడింది.
స్కోరు పుస్తకంలో ఏడు చోట్ల ‘కె’ అని రాశాను.
ఏడోది రాసేటప్పుడు పెన్ను ఎంత నొక్కానో
వెనక పేజీలో కూడా అచ్చు పడింది.
ఏమైందండీ అని హెడ్మాస్టరు గారు అడిగితే
పిల్ల బెదిరిపోయిందండి అన్నాను.
సముద్రపు గాలి అన్నాను.
బ్యాటు పాతదన్నాను.
వాళ్ళమ్మ మస్కట్ వెళ్ళింది కదా, ధ్యాస నిలవట్లేదన్నాను.
ఆయన తలూపారు.
ఇద్దరం టీ తాగాం.

దీవెన గుమ్మం బయటే ఉంది,
కిట్ బ్యాగు తాళంచెవి ఇద్దామని వచ్చి.
అంతా విన్నది కాబోలు.
తాళం నా చేతిలో పెట్టి ఒక్కటే అడిగింది:
“మాస్టారండీ, మోచెయ్యి ఎంత పైకి?”

చెప్పాలి మీకు.
ఈ పిల్లకి కొట్టడం నేను నేర్పలేదు.
ఫాల్గుణం ఎండలో, కళ్ళంలో,
నాయనమ్మ పక్కన నిలబడి మినప కట్టె కొట్టేది.
కర్ర భుజం దాటేది కాదు.
నడుం ముందు తిరిగేది, చేతులు తర్వాత వచ్చేవి,
చివర్న మణికట్టులో చిన్న విసురు.
కాయ చిట్లేది, గింజ నలిగేది కాదు.
ఆ కొట్టుడే తెచ్చి బంతికి పెట్టింది.
బోదె నిండిపోయింది.

నేనేమో కాకినాడలో ఆరు రోజుల శిబిరం చేసొచ్చాను.
సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించాను.
వెనక మోచెయ్యి పైకుండాలి అన్నాడు అక్కడెవరో,
ఎందుకుండాలని నేను అడగలేదు.
వచ్చి దీవెనకి చెప్పాను.
ఆర్నెల్లు చెప్పాను.
అరిచి చెప్పాను.
తప్పిపోయిన ప్రతిసారీ ఇంకాస్త ఎత్తమన్నాను.
రెక్క విరిగిన కొంగలా నిలబడేది,
చెప్పిన మాట వింటోందని మురిసిపోయాను.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
తలుపు ఎన్నంగుళాలు ఎత్తిందీ
ప్రతి పొద్దూ పుస్తకంలో ఎక్కించి సంతకం చేసేవాడు.
ఓ ఏడు శివారు చేలు ఎండిపోయి
రైతులు సైకిళ్ళేసుకుని వచ్చేశారు.
తూడు అడ్డం పడిందనీ, ఎలకలు గట్టు తవ్వేశాయనీ
ఓవర్సీరు నసుగుతున్నాడు.
నాన్న పుస్తకం తెచ్చి అరుగు మీద విప్పాడు.
“పదో తారీకున నాలుగంగుళాలు తక్కువెత్తాను.
నేనేనండి. సంతకం నాదే.”
తిట్లు తిన్నాడు.
ఆ రోజు వరి దుబ్బుకి ఎవరూ తాఖీదు ఇవ్వలేదు.

జిల్లా జట్టు జాబితా వచ్చింది.
దీవెన పేరు లేదు.
నా పేరుంది, కోచ్ అన్న గడిలో,
ఇంటిపేరుతో సహా, అక్షరం తప్పు లేకుండా.

శనివారం బడి వదిలాక
మోచెయ్యి సంగతి మర్చిపోమ్మా అన్నాను.
తప్పు నాదని కూడా అన్నాను గానీ
గొంతులోంచి సగమే వచ్చింది,
ఆ సగాన్నీ కొబ్బరాకుల చప్పుడు తినేసింది.
మర్చిపోవడం దాని వల్ల కావట్లేదు.
చెయ్యి దానంతటదే లేస్తోంది,
నేను పెట్టిన చోటికే.
బకెట్టులో ఉన్నవన్నీ వేశాను, నలభై మూడు.
ఒక్కటి బ్యాటు అంచుకి రాసుకుని వెనక్కి పోయింది.

మసక పడింది.
బ్యాటు కింద పెట్టి, ఓ కొబ్బరి మట్ట తీసుకుని
నేల మీద రెండుసార్లు కొట్టి చూసుకుంది
ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు.
నేనేమీ చెప్పలేదు.
చెప్పకుండా ఉండడం
ఆ ఆరు రోజుల్లో ఏ రోజూ నేర్పలేదు.

సోమవారం హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళాలి.
టీ వద్దనాలి ముందు.