పొయ్యి ఆర్పమన్నారు

నాకు సంగీతం రాదు.
కట్టెలు వచ్చు.
బిర్చి కట్టె ఎండిందో పచ్చిదో
రెండు ముక్కలు కొట్టి, చప్పుడు విని చెబుతాను.
అదీ శ్రుతే కదా వాంబొలా అంటుంది మెరికె,
కోటు గుండీలు గడ్డందాకా పెట్టుకుని.

గురువారం గురువారం
తార్తు నుంచి సాయంత్రం బస్సులో దిగుతారు ఎనిమిది మంది.
గుమ్మం దగ్గర బూట్ల మంచు దులిపి
ఉన్ని చెప్పులతో రాతి నేల మీద అర్ధచంద్రంగా నిలబడతారు.
ఎవరి గొంతు ఏదో నాకు తెలీదు గానీ
ఎవరి దగ్గు ఏదో తెలుసు.
హిల్లార్‌ది ఖాళీ పీపాలో రాయి పడ్డట్టుంటుంది.

నాలుగు వందల ఏళ్ల నాటి పాటట.
ఐదు గొంతులకు ఐదు పుస్తకాలు,
ఒకరి పుస్తకంలో ఇంకొకరి ముక్క ఉండదు.
నాలుగు దొరికాయి.
ఐదోది, టెనర్‌ది,
ఏ ఎలుక కొరికిందో, ఏ సిపాయి చుట్ట ముట్టించుకున్నాడో అనుకుంటారు వాళ్లు.
నాలాంటివాడే ఎవడో
చలి ఎక్కువైన ఒక రాత్రి పొయ్యిలో పెట్టి ఉంటాడు.
ఈ మాట నేను పైకి అనలేదు.

వాళ్లు పాడుతుంటే
పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు
నా చెవి ఆ ఖాళీ దగ్గరికే పోయేది.

దాన్ని పూరించడానికి లేలోని పిలిచారు.
ఇరవై ఆరేళ్లుంటాయి, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది.
మూడు గురువారాలు వెనక బల్ల మీద కూర్చుంది,
పెన్సిలు తియ్యలేదు.
పొయ్యిలో కట్టె చిటుక్కుమన్నప్పుడల్లా
ముఖం చిట్లించి నావైపు చూసేది.
నేనేం చేసేది? చిటుక్కుమనడం కట్టె పని.

నాలుగోసారి కాగితాలు తెచ్చింది.
టెనర్ గీతల మీద ఒక్క స్వరం లేదట.
పీల్చు. వదులు. పీల్చు.
అంతే రాసి ఉందట.
రైవో మొహం కందగడ్డయింది.
"ముప్పై ఏళ్లు సాధన చేసింది ఊపిరి పీల్చడానికా?"
అని బయటికిపోయి రెండు సిగరెట్లు కాల్చి
మళ్లీ వచ్చి తన చోట నిలబడ్డాడు.

తర్వాత నా దగ్గరికొచ్చింది లేలో.
కచేరీ నాడు పొద్దున్నుంచీ పొయ్యి ఆర్పేస్తారా అని.
ముప్పై రెండేళ్లలో
ఇంకో కట్టె వెయ్యమన్నవాళ్లే గానీ
ఆర్పమన్నవాళ్లు లేరు.

ఫిబ్రవరి. బయట మైనస్ పంతొమ్మిది.
అరవై మంది కోట్లు విప్పకుండా కూర్చుని
కట్టెలన్నీ అమ్ముకున్నావా అని నన్నడిగారు.

మొదట పాత పాట, చిల్లుతో సహా.
ఆపకుండా అందులోంచే లేలో రాసింది మొదలైంది.
ఏడుగురు పాడుతున్నారు,
రైవో నోరు తెరిచి ఊపిరి వదిలాడు.
కొవ్వొత్తుల వెలుగులో అది తెల్లగా లేచి
మిగతావాళ్ల తలల మీదుగా మెల్లగా
దూలాల దాకా పోయింది.
మళ్లీ ఒకటి.
ఉన్నట్టుండి ఇన్నాళ్లూ వినపడనిది
అదిగో అక్కడ, కనపడుతూ.

ముందు వరసలో ముసలామె నోట్లోంచీ అలాగే పొగ.
పక్కన పిల్లాడిదీ.
ఎవరూ చెప్పలేదు,
అందరం రైవో లెక్కకే పీలుస్తున్నాం, వదులుతున్నాం.
ఆ పుస్తకం కాల్చినవాడి నోటి ముందు కూడా
ఆ రాత్రి ఇలాగే ఉండి ఉంటుంది,
చేతులు కాచుకోబోయే ముందు.

అయిపోయాక చేతి తొడుగులతోనే చప్పట్లు కొట్టారు,
దుప్పట్లు దులిపినట్టు.
హిల్లార్ దగ్గాడు.

అందరూ వెళ్లాక పొయ్యి ముందు కూర్చున్నాను.
బల్లల మీద మిగిలిన కార్యక్రమ కాగితాలతోనే
ఎప్పుడూ నిప్పు రాజేస్తాను.
ఆ రాత్రి వాటిని ఏరి
అటూ ఇటూ తిప్పి చూసి
జేబులో పెట్టుకున్నాను.
చెక్క పేళ్లు చెమ్మగా ఉన్నాయి.
నాలుగు అగ్గిపుల్లలు పట్టింది.