ఊదండి, ఇంకా ఊదండి

ఫ్యాక్టరీ గేటు పక్కన ఆపాం మా పరీక్షల వ్యాను.
నెబ్రాస్కా. అక్టోబరు.
మొక్కజొన్న కొయ్యకాళ్ల మీద తెల్లగా మంచు.
రెండు మైళ్ల అవతలి నుంచే వెన్న కాచిన వాసన.
నాకు ఆకలేసింది.
ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు.

నాలుగో మనిషి వెర్నా కోల్టర్‌మన్.
నలభై ఆరేళ్లు. కలిపే తొట్టి దగ్గర తొమ్మిదేళ్లు.
పసుప్పచ్చని ద్రవం బకెట్టు మూత తీసి
వేడి నూనెలోకి ఒంపుతుంది,
చేతి కొలతే, తూకం అక్కర్లేదట.
అక్షరాలా వెన్నతో పెట్టిన విద్య.

వ్యానుకి మూడు మెట్లు.
రెండో మెట్టు మీద ఆగి
ఆకాశం చూస్తున్నట్టు నటించింది.
నేనూ ఆకాశం చూశాను.

ముక్కుకి క్లిప్పు పెట్టి గొట్టం నోటికిచ్చి
అందరికీ చెప్పేదే చెప్పాను:
నిండుగా పీల్చండి, ఇప్పుడు ఊదండి,
ఊదండి ఊదండి ఇంకా ఇంకా ఇంకా
తెర మీద గీత కొండెక్కి దిగాలి.
గట్టు కూడా ఎక్కలేదు.
కొరికి వదిలేసిన రొట్టె అంచులా
లోపలికి వంగిపోయింది.

మందు పీల్పించి పావుగంట ఆగాం.
వాళ్ల కుక్క పేరు టేటర్.
పని నుంచి రాగానే మోచేతుల దాకా నాకేస్తుందట.
"ఇంట్లో నామీద అంత ప్రేమ ఇంకెవరికీ లేదు"
నవ్వబోయి దగ్గింది.
దగ్గు ఆగేసరికి నవ్వు మర్చిపోయింది.

మళ్లీ ఊదింది. అదే గీత.
ఉబ్బసమైతే మందుకి లొంగేది.

"సిగరెట్లు మానెయ్యమన్నాడు మా డాక్టరు.
నేను ముట్టుకుంటే కదా మానడానికి!
మా డ్వేన్ రోజుకో పెట్టె ఊదేస్తాడు,
బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కుతూ ఈల కూడా వేస్తాడు."

ఊపిరి సలపని పని, అంటాం మాటవరసకి.
ఆ రోజు నుంచి నేననడం లేదు.

ఫారంలో ఆఖరి గడి: ఏ పదార్థం?
లోపలికెళ్లి డ్రమ్ము మీద చీటీ చదివాను.
వెన్న రుచి. తినడానికి క్షేమం.
నిజమే. తినడానికి.
ముక్కు సంగతి చీటీలో లేదు.

చీకటి పడుతుంటే షిఫ్టు మారింది.
కొత్త కుర్రాడు, ఇరవై ఉంటాయేమో,
చొక్కా మడతలింకా పోలేదు.
చేతులకి తొడుగులిచ్చారు, మూతికేం ఇవ్వలేదు.
తలుపు దగ్గర నిలబడి
గుండెల నిండా పీల్చి
నావైపు తిరిగి అన్నాడు:
"రోజూ సినిమాకొచ్చినట్టే ఉంటుంది కదండీ!"