సీసం కింద

గుణుపురంలో పంపులకు ఎర్ర రంగు వేసేది నేనే.
రోజుకి నాలుగు వందల యాభై.
డబ్బా మునిసిపాలిటీది, బ్రష్షు నాది.
బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు:
తాగరాదు.
రెండూ గుండ్రటి అక్షరాలే, చెయ్యి తడబడదు.

బ్యాటరీల షెడ్డు మూతపడి పదకొండేళ్ళు.
రేకులు కూడా ఎవరో పట్టుకుపోయారు.
దాని కడుపులోది మాత్రం
రైలు కట్ట కింద నుంచి నడిచి నడిచి
మా కుమ్మరివీధి దాకా వచ్చింది.

రిపోర్టులో ఆ మాట చూసి నవ్వొచ్చింది:
సీసం.
తెలుగు బళ్ళో జగ్గారావు మేష్టారు
బెత్తంతో బల్ల మీద తాళం వేస్తూ చెప్పిన సీసం.
"కింద ఎత్తుగీతి లేందే సీసం తెమలదురా."

ఇప్పుడు ఇంటిపన్ను కాగితం అడుగున
కొత్త వరస ఒకటి:
భూజల శుద్ధి సుంకం, నెలకి నలభై రెండు.
షెడ్డు యజమానికి పంపిన నోటీసు
మూడుసార్లు తిరిగొచ్చిందట.
మా చిరునామాలు మాత్రం బాగానే దొరుకుతాయి.
తవిటమ్మత్త కొంగుముడి విప్పి కట్టింది.
రసీదు నాచేత చదివించుకుని
"ఎన్నేళ్ళు కట్టాల నాయినా?" అంది.
పదిహేను.
వేళ్ళు మడవడం మొదలెట్టి, మధ్యలో ఆపేసింది.

నిన్న మళ్ళీ పిలిచారు,
మూడో పంపు పిడి మీద ఎరుపు పోయిందని.
వెళ్ళి చూస్తే
చెయ్యి పట్టే చోట, జానెడు మేర,
లోపలి ఇనుము మెరుస్తోంది.
ట్యాంకరు రాని రోజులెన్నో
అడగక్కర్లేకపోయింది.

డబ్బా మూత తీసి
కాసేపు అలాగే కూర్చున్నాను.
మేష్టారూ,
ఈ సీసం కింద రావాల్సింది
తేటగీతే కదా?