గడియ పెట్టింది నేనే

నెల్లూరు సెషన్సు కోర్టులో
జ్యూరీ గదికి గడియ పెట్టేవాణ్ణి.
బయట గడియ, లోపల అయిదుగురు,
మధ్యలో టేకు తలుపు, కింద వేలు పట్టేంత సందు.
వినగూడదు. విన్నాను.

ఖరనామ సంవత్సరం. ఉదయగిరి పక్క
బావుల్లో బురద కూడా అయిపోయిన ఏడు.
కలిగిరి రోడ్డు మీద రాత్రిపూట
మొలగొలుకుల బస్తాలతో పొయ్యే మూడు బండ్లు ఆపారు.
ఆపినోళ్ళు పదకొండు మంది.
అయిదుగురు చేరితే చాలు, దోపిడీయేనంట సెక్షన్లో.
వీళ్ళ చేతుల్లో చాటలున్నాయి.

"తీశాం దొరా" అంది బోనులో పెంచలమ్మ.
"కొలిచి తీశాం. మనిషికి రెండు మానికలు.
మిగతావి బండ్లోనే ఉండె, చూస్కోండి."
ప్లీడరు నెత్తి పట్టుకున్నాడు.

జడ్జిగారు జ్యూరీకి గంటసేపు చెప్పారు.
తెలుగు చేసినాయన గొంతు ఆర్చుకుపోయింది.
జరిగిందేందో తేల్చేది మీరు.
చట్టం ఏందో చెప్పేది నేను, అది మీరు ఒప్పుకోవాల.
ఆకలి అనే మాట ఈ సెక్షన్లో లేదు.

గడియ పెట్టాను.
చాలాసేపు కుర్చీల చప్పుడే.
తర్వాత పెద్దబజారు గుడ్డలకొట్టు రంగయ్యశెట్టి,
"రేపు నా కొట్టు మీద పడితే?"
గూడూరు అభ్రకం గుమాస్తా శేషారెడ్డి,
"పడనీవయ్యా, కొలిచేగా తీసకపొయ్యేది."
నవ్వులు.
సర్వే చేసి రిటైరైన దస్తగిరి సాయబు నవ్వలేదు.
"రుజువైంది గదబ్బా. ప్రమాణం చేసి అబద్ధమాడదామా?"
అప్పుడు మాట్లాడాడు మిషనాసుపత్రి కాంపౌండరు దేవసహాయం.
"వాళ్ళు చేశారా అని గాదు సాయబూ. అది నేరమా అని."
అవధాని మేష్టరు ఏమన్నాడో వినపళ్ళా. దగ్గాడు.

నేరం కాదన్నారు, అయిదుగురూ.
పెంచలమ్మ చిన్నబోయింది.
"తీశామనే గదా నేను చెప్పిండేది" అని
పక్కన జవాన్నడిగింది,
తన మాట ఎవురూ నమ్మలేదనుకుని.
జడ్జిగారి కలం కాగితం మీద ఆగింది.
మద్రాసుకి రాస్తే ఈ తీర్పు నిలిచేది కాదు.
రాయలేదాయన. కలానికి మూత పెట్టాడు.
ఆ మూత చప్పుడు విని
పెన్న ఒడ్డెంట ఇంటికి నడస్తా
ఆ రోజు గర్వపడ్డాను,
గడియ నాదైనందుకు.

ఎనిమిదోనాడు అదే గది. వాళ్ళే అయిదుగురు.
కోవూరవతల ఒక మాలపల్లెలో
కోతకూలి పెంచమన్నందుకు
పద్నాలుగు ఇళ్ళు కాలిన కేసు.
చూసినోళ్ళు తొమ్మిదిమంది.
కిరసనాయిలు డబ్బా మీద అంగడి పేరు చెరగలేదు.
జడ్జిగారు మళ్ళీ అదే గంట, అవే మాటలు.

నేను టీలు తెచ్చేలోపే తలుపు తట్టారు.
సందులోంచి విన్నది కొంచెమే.
"మళ్ళీ ఊళ్ళో ముఖాలు చూసుకోవాల గదా"
అన్నదెవరో తెలుసు, చెప్పను.
"వాళ్ళు చేశారా అని గాదు దేవసహాయం,
అది నేరమా అని. నువ్వే గదా అంటివి మొన్న."
దానికి జవాబు రాలేదు.
వచ్చిందేమో, నాకు వినపళ్ళేదేమో.

నలుగురొక మాట, ఒకడొక మాట.
నలుగురిదే చెల్లుబాటు.
కలానికి మూత పడింది,
మొన్నటి చప్పుడే.

తర్వాత జ్యూరీలు ఎత్తేశారు.
ఆ బల్ల రికార్డు రూములో కట్టలు మోస్తా ఉంది.
కొత్త ప్లీడర్లు అడుగుతుంటారు,
మస్తానయ్యా, జ్యూరీ మంచిదా, చెడ్డదా?
గడియ సంగతైతే చెప్పగలను గానీ.

ఆ రోజు ఆఖర్న బయటికొచ్చాడు దేవసహాయం.
నీళ్ళడిగాడు.
నాలుగు గ్లాసులు బల్ల మీదుంటే
ఆయన గ్లాసు కిటికీలో ఉండేది.
పెట్టమని నాకెవురూ చెప్పలేదు.
వద్దని చట్టం వచ్చి అప్పటికి రెండేళ్ళు.
కిటికీ కాడికి పోయి
ఆ గ్లాసే తీశాను.